కెమెరా ఎటు చూస్తోంది

నాకు ఎవరినీ తొందరగా నమ్మే అలవాటు లేదు. ఆబిడ్స్‌లో ఆ పాత టెలిస్కోపు కొన్నప్పుడు కూడా, లోపలి అద్దం మార్చి నాకు అంటగడుతున్నాడేమోనని షాపతన్ని ప్రశ్నలతో విసిగించాను. దాన్ని నాంపల్లిలో నేనుండే డాబా మీది గదికి మోసుకొచ్చాక, దానికి కెమెరా బిగించి తీసిన మొదటి ఫోటోల్లో పడింది ఒక తెల్లటి మరక. గొల్లకావడి మూడు చుక్కల కింద ఉండే నెబ్యులా, అంటే వెలిగే వాయువుల మబ్బు, అదేనట. కెమెరాలోనే లోపముందేమోనని అనుమానించాను. రైల్వే స్టేషను లైట్లనీ అనుమానించాను. నన్ను కూడా ఒకరు అనుమానిస్తున్నారని మాత్రం తోచలేదు.

ఒక సాయంత్రం చీకటి పడగానే ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. ఆమె ఇల్లు సందుకవతల, మా డాబాకు ఎదురుగా ఉంటుంది. అందులో ఆమె కోడలి గది కిటికీ ఇటువైపే తెరుచుకుంటుంది. ఆయాసం తీరకముందే గది ఖాళీ చెయ్యమంది. ఎందుకని అడిగితే కెమెరా వైపు వేలు చూపించింది.

"ఆకాశం మీద ఉంటది గదా. మరి నీ కెమెరా మా కోడలి కిటికీ దిక్కు ఎందుకు చూస్తున్నది?"

ఈ రకం టెలిస్కోపులో వెలుగు పై మూతిలోంచి దిగి, అడుగున ఉన్న అద్దానికి తగిలి, తిరిగి పైకొచ్చి పక్కకు మళ్లుతుంది. అందుకని కెమెరాను గొట్టం పక్కన బిగించాలి. గొట్టానికి ఇవతల కెమెరా, అవతల కిటికీ, కెమెరా వెనక వంగి పెళ్లాం పిల్లలు లేని నేను. ఎదురింటి నుంచి చూస్తే నేనైనా అలాగే అనుకునేవాణ్ణి. అయినా ఒళ్లు మండింది. ఫోటోలు చూపించాను. అన్నీ నలుపే, నడుమ ఆ తెల్ల మరక తప్ప. అసలువి తీసేసి ఇవి ఉంచావేమో అంది.

లోపలికెళ్లి అన్నం తినే కంచం తెచ్చి ఆమె చేతికిచ్చాను. ముందు గొట్టానికీ కిటికీకీ నడుమ అడ్డం పెట్టమన్నాను. ఫోటోలో మరక అలాగే వచ్చింది. తర్వాత గొట్టం మూతి మీద పెట్టమన్నాను. ఫోటో నల్లగా వచ్చింది. ఆమెకు అదీ చాలలేదు. నన్ను దూరంగా నిలబెట్టి, బటన్ తనే నొక్కుతూ రెండూ మళ్లీ చేసింది. మూతి మూస్తే మరక పోతోందంటే అది కెమెరా లోపం కాదు, పైనుంచి దిగిన వెలుగే. నా అనుమానం కూడా ఆమె చేతుల్లోనే తీరింది.

"ఔ, మీదికే చూస్తున్నది," అంది చివరికి. "ఖాళీ చేసుడు వద్దులే. మా కోడలికి నేను చెప్త."

ఆమె వెళ్లాక తీసిన ఫోటోలన్నీ ల్యాప్‌టాప్‌లో కలిపితే, మరక కాస్తా గులాబీ రంగు తిరిగి, అంచులు విప్పుకుంది. సంతోషం పట్టలేకపోయాను. పొద్దున్నే దాన్ని ఫోన్‌లో ఓనరమ్మకు చూపిద్దామని పిట్టగోడ దగ్గరికి వెళ్లాను. ఎదురింట్లో ఆమె స్టూలెక్కి కోడలి కిటికీకి మందపాటి పరదా మేకులతో కొడుతోంది. నన్ను చూసి నవ్వి, తల ఊపింది. తర్వాత స్టూలు దిగి, కింది అంచుకు కూడా మేకులు కొట్టింది.