బెడ్డుకు కట్టిన టోకెన్

పోయినవి ముందు రాస్తాను. అమ్మ కుడికాలి వేళ్ళు రెండు. ఎనిమిది రోజులు. అరవై మూడు వేల ఐదు వందల రూపాయలు. వీటిలో డబ్బు ఒక్కటే కొంతైనా వెనక్కి వచ్చింది.

మాది ఇబ్రహీంపట్నం. వెంచర్లలో ప్లాట్లు కొలిచి గజాల లెక్క తీయడం నా పని. చదివింది ఏడో తరగతి. లెక్కలు పని చేస్తూ నేర్చుకున్నాను. అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు, మార్కెట్లో చేపలు అమ్ముతుంది. చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది.

ఆ రోజు ఆమె మార్కెట్ నుంచి వచ్చి వంటింట్లోకి నడుస్తుంటే, బండల మీద కుడికాలి అడుగు ఒక్కటే తడిగా పడింది. వంగి చూస్తే నీళ్ళు కాదు, చీము. చిటికెన వేలి పక్కన జెల్ల చేప ముల్లు విరిగి లోపలే ఉంది.

"ఎప్పుడు గుచ్చుకుందే అమ్మా?"

"నాకేమెరుక? నొప్పి లేదు గదరా. నొప్పి లేనిదానికి దవాఖానెందుకు?"

షుగర్ ఉన్నవాళ్ళ పాదాలు మొద్దుబారతాయని విన్నాను, అందుకే నొప్పి లేదన్న మాటకే నాకు భయం వేసింది. మర్నాడు ఊళ్ళోనే డాక్టరుకు చూపించాను. షుగర్ 342. కాలి రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ రిపోర్టు చూసి ఆయన, "కాలికి బ్లడ్ సప్లై తగ్గింది. మూసుకున్న రక్తనాళం తెరిచే యాంజియోప్లాస్టీ అవసరం పడొచ్చు. సిటీలో రక్తనాళాల డాక్టరుకు, వాస్క్యులర్ సర్జన్‌కు చూపించండి. రెండు రోజుల కంటే ఆగొద్దు" అన్నారు.

ఆ సాయంత్రమే అమ్మకు ఫోన్ వచ్చింది. ప్రభుత్వ హెల్త్ కార్డు విభాగం నుంచి అన్నాడు ఒకతను. అమ్మ పేరు, వయసు, కుడికాలు, డాప్లర్ అన్నీ అతనే చెప్పాడు. అవి అతనికి ఎలా తెలిశాయో నాకు ఇప్పటికీ తెలియదు. సిటీలో పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్‌కు అప్రూవల్ వచ్చిందట. అంతా ఉచితమే. కానీ ఉన్నది ఒక్క బెడ్డు, దాన్ని ఆపడానికి పదిహేను వేలు టోకెన్ కట్టాలి, డిశ్చార్జి రోజు తిరిగి ఇస్తారు.

ప్లాట్ల ధరలు నెలకోసారి పెరుగుతున్న రోజులవి. మా దగ్గర జాగా నచ్చితే ఉన్నపళంగా టోకెన్ ఇచ్చి ఆపుకోవాలి, లేకపోతే సాయంత్రానికి ఇంకొకరి పాలవుతుంది. నేనే ఎందరి చేతో ఇప్పించాను. బెడ్డు కూడా అలాగే పోతుందని భయపడ్డాను. అమ్మ మాత్రం చేపల బేరంలోకి దిగింది.

"పదిహేను ఏడికెల్లి తేవాలె బిడ్డా? ఎనిమిదిస్త."

"కుదరదమ్మా."

"పది. గంతే, ఇగ మాట్లాడకు."

అతను, "మీ వయసు చూసి ఒప్పుకుంటున్నానమ్మా" అన్నాడు.

అమ్మ నావైపు తిరిగి, "చూసినవా, దిగిండు. దొంగైతే గింత బేరమెందుకు ఆడుతడు?" అంది. నాకూ నిజమే అనిపించింది. ఫోన్‌లోనే పది వేలు పంపాను. ముద్ర ఉన్న రసీదు వచ్చింది.

మర్నాడు రక్తనాళంలో పెట్టే స్టెంట్‌కు ముప్పై ఎనిమిది వేల ఐదు వందలు అన్నాడు, ఆ తర్వాత డిపాజిట్ కింద పదిహేను వేలు; అవీ డిశ్చార్జి రోజు తిరిగి ఇస్తారట. ప్రతి రసీదులో కూడికలు సరిచూశాను. రూపాయి తప్పు లేదు. ఆ డబ్బు మా దగ్గర లేదు. అమ్మ పక్కనే కూర్చుని చేపలు అమ్మే సత్తెమ్మ, శేరిగూడలో ఇంజనీరింగ్ చదువుతున్న కూతురి ఫీజు కోసం అప్పుడే చిట్టీ ఎత్తింది. "కాలు కన్న ఫీజు ఎక్కువనా అక్కా, తీస్కో" అని యాభై మూడు వేల ఐదు వందలూ అమ్మ చేతిలో పెట్టింది.

డబ్బు ముట్టాక అతను, "ఇప్పుడు వేరే ఆసుపత్రికి వెళ్ళకండి. అక్కడ పేరు ఎక్కితే అప్రూవల్ క్యాన్సిల్ అవుతుంది" అన్నాడు. ఇంట్లోనే డ్రెస్సింగ్ చేస్తూ కూర్చున్నాం. ఎప్పుడు ఫోన్ చేసినా "రేపు" అనేవాడు. చిటికెన వేలు నీలంగా మారి, తర్వాత నల్లబడింది. పక్క వేలు కూడా రంగు మారింది. అయినా బెడ్డు పోతుందేమోనని కదల్లేదు. చివరికి అతని ఫోన్ స్విచాఫ్ అయింది. ఎనిమిదో రోజు అమ్మకు చలిజ్వరం వచ్చింది. ఇక ఆగలేదు. కారు మాట్లాడి రసీదులో ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళాను.

కౌంటర్లో అమ్మాయి రసీదు తిప్పి చూసి, "అన్నా, ఇది మాది కాదు. బెడ్డుకు మేం టోకెన్ తీసుకోం" అంది. అమ్మ అసలు హెల్త్ కార్డు మీదే, పైసా అడగకుండా చేర్చుకున్నారు.

సర్జన్ కట్టు విప్పి, "వారం ముందు వస్తే వేళ్ళు ఉండేవేమో. ఇప్పుడు పాదం కాపాడుకోవాలి" అన్నారు. రెండు వేళ్ళు తీసేశారు, యాంజియోప్లాస్టీ చేశారు. నాలుగు రోజులకు మళ్ళీ ఇన్ఫెక్షన్ వచ్చి మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్ళారు. "పాదం గురించి ఇప్పుడే మాట ఇవ్వలేను" అన్నారు సర్జన్.

మేం ఆ భయంలో ఉండగానే కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మా డబ్బు రీఫండ్ అయిందట, ఓటీపీ చెబితే చాలట. ఆశ చావక నేను మెసేజ్ వెతుకుతున్నాను. అమ్మ మంచం మీది నుంచే ఫోన్ లాక్కుంది.

"బిడ్డా, నేను చేపలమ్ముత. కొనేటోళ్ళు మొప్పలు లేపి చూసినంకనే పైసలిస్తరు. నీ మొప్పలేవి? ఏ కౌంటర్ల కూసుంటవో చెప్పు, నా కొడుకును తోలిస్త."

ఫోన్ కట్టయింది. నర్సు పకపకా నవ్వింది. అమ్మ నవ్వలేదు. "గీ మాట మొదటి దినమే అడగకపోతిని" అని గోడవైపు తిరిగి పడుకుంది.

పాదం దక్కింది. సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను. వాళ్ళు బ్యాంకులో ఆపించిన పన్నెండు వేలు తర్వాత వచ్చాయి. "పైసలు పోయిన గంటలనే చెప్తే ఇంకిన్ని దొరికేవే" అన్నాడు కానిస్టేబుల్.

ఇప్పుడు అమ్మ ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకునే నడుస్తుంది, మార్కెట్‌కు ఒక పూట మాత్రమే వెళ్తుంది. రోజూ ఆమె అరికాలు నేను చూస్తాను. ఎక్కడ కాస్త ఎర్రగా కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్తాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు వైద్యం పేరుతో ఎవరు ఫోన్ చేసి డబ్బు అడిగినా ఫోన్ పెట్టేయండి. రోగిని వెంటబెట్టుకుని నేరుగా ఆసుపత్రి కౌంటర్‌కు వెళ్ళి అడగండి. వెళ్ళొద్దని ఎవరైనా అంటే, అప్పుడే బయలుదేరండి.

సత్తెమ్మ ఆ ఏడు కూతురి ఫీజు జరిమానాతో కట్టింది. మమ్మల్ని ఒక్కసారీ అడగలేదు. పోలీసుల దగ్గర నుంచి వచ్చిన పన్నెండు వేలు నేరుగా ఆమెకే ఇచ్చాం. మిగిలింది నెలకు పదిహేను వందల చొప్పున తీరుస్తున్నాం. ఈ నెలది ఇచ్చాక ఆమెకు మా బాకీ ఇంకా పందొమ్మిది వేలు.