రాని సీటుకు పంచిన మైసూర్‌పాక్

ఆ రోజుల్లో కంప్యూటర్ ఏదైనా అడిగితే కాదనడం మర్యాద కాదని నేను గట్టిగా నమ్మేదాన్ని. మా ఇంట్లో విస్తరి ముందు కూర్చుని "చాలు" అంటే వడ్డించేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, "ఇది కూడా వేసుకుంటారా?" అని స్క్రీన్ మీద ఓ డబ్బా వచ్చి నిలబడితే వద్దని ఎలా అంటాను? నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ. డిగ్రీ అయ్యాక జగ్గయ్యపేట బస్టాండు పక్క సందులో నెట్ సెంటర్ నా మొదటి ఉద్యోగం (ఇంట్లోవాళ్ళు మాత్రం బంధువులకు "సాఫ్ట్‌వేర్" అని చెప్పుకునేవాళ్ళు). ఓనరును అందరం భాయ్ అనేవాళ్ళం. ముక్త్యాల నుంచి సిమెంటు లారీ తోలి తోలి నడుము పట్టేసి, కూర్చుని చేసుకునే వ్యాపారం పెట్టుకున్న మనిషి (లారీ కూడా కూర్చునే తోలతారు కదా అని నేనెప్పుడూ అడగలేదు).

ఒకసారి ఫొటోల సైజు తగ్గించే ప్రోగ్రాం ఉచితంగా దొరికిందని ఉన్న కంప్యూటర్లన్నింటిలోనూ పక్షపాతం లేకుండా ఎక్కించాను. మర్నాటి నుంచి బ్రౌజరు మా మాట వినడం మానేసింది. ఏది వెతికినా ఊరూపేరూ లేని పేజీ తెరుచుకునేది. పైన వరసగా ఏవో పట్టీలు, పక్కన బరువు తగ్గించే మందుల ప్రకటనలు. భాయ్ ఓసారి తొంగిచూసి, "నందిగామ పోవాలని స్టీరింగ్ తిప్పితే చందర్లపాడు పోతందేంటమ్మాయ్? సీట్లో ఇంకెవడో కూర్చున్నాడు" అన్నాడు. "నెట్ స్లో భాయ్" అన్నాను. తెలియనిదానికల్లా అప్పట్లో నా దగ్గరున్న జవాబు అదొక్కటే.

అలాంటి పరిస్థితిలో పెనుగంచిప్రోలు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. బీఈడీ కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకోవడానికి ఆ సాయంత్రమే ఆఖరు గడువు. తల్లి మిరపకోతలకు వెళ్ళే మనిషి. ఈసారి సీటు రాకపోతే పిల్లను కూడా కోతలకు తీసుకుపొమ్మని పిల్ల పెదనాన్న తేల్చి చెప్పాడట. అందుకని ఆమె కంప్యూటరు ముందు ప్రార్థనలో కూర్చున్నట్టే కూర్చుంది. కూతురు ర్యాంకు కార్డు జిరాక్సుకని బయటికెళ్ళింది. నేను వెబ్‌సైటు పేరు కొట్టి, పక్కనాయన ప్రింటు కోసం లేచాను. అంతే, స్క్రీన్ నిండా తారాజువ్వలు, బాజాలు, ఇంతేసి అక్షరాలతో కంగ్రాచ్యులేషన్స్!

"ఏమంటందండీ?" అందామె. "కంగ్రాట్స్ అంటందమ్మా!" అన్నాడు భాయ్, సీటు తానే ఇప్పించినంత సంబరంగా. ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగి నేను వచ్చేసరికి ఆమె "బావగారూ, ప్రభువు దయ, పిల్లకి సీటొచ్చిందండీ" అని ఆ పెదనాన్నకు ఫోన్ చేసేసి, ఎదురు కొట్లో మైసూర్‌పాక్ కొనుక్కొచ్చి సెంటరంతా పంచుతోంది. నా నోట్లోనూ ఒక ముక్క పెట్టింది. స్క్రీన్ వైపు చూశాక అది మింగుడుపడలేదు. ఎవరో మాకు ఫోను బహుమతి ఇస్తారట, పేరూ బ్యాంకు కార్డు నంబరూ చెబితే చాలట. అప్పుడే లోపలికొచ్చిన కూతురు కూడా చూసింది. "అమ్మా, మనం ఇంకా కాలేజీలే పెట్టలేదే" అంది సన్నగా. ఆ తల్లి చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది.

ఆ ఏడుపుతోనే, బతుకులో మొదటిసారి, స్క్రీన్ మీద ఉన్నదంతా చదివాను. ప్రోగ్రాములన్నీ తెరిచి చూస్తే, నేను పిలిచిన ఫొటో ప్రోగ్రాం వచ్చిన రోజే పిలవని చుట్టాలు ముగ్గురు దిగి ఉన్నారు. ఒకడు పేజీలు మార్చేవాడు, ఒకడు ప్రకటనలు మోసుకొచ్చేవాడు. మూడోవాడు ఏం చేస్తాడో పేరును బట్టి తెలియలేదు, వాణ్ణి చూస్తేనే ఎక్కువ భయమేసింది. తీసెయ్యబోతే మొదటివాడు ఓ ఏడుపు బొమ్మ పెట్టి "నిజంగానే వెళ్ళిపోమంటారా?" అని అడిగాడు (చెయ్యి ఒక్క క్షణం ఆగింది, పెంపకం ఎక్కడికి పోతుంది!). "పొమ్మనమ్మాయ్, మొహమాటమేంటి!" అని భాయ్ వెనక నుంచి అరిచాడు. పొమ్మన్నాను. మూడోవాడు ఎంతకీ కదలకపోతే వైరస్ స్కాన్ పెట్టి పట్టుకున్నాను. బ్రౌజరును మళ్ళీ మొదటికి తెచ్చి వెబ్‌సైటు పేరు కొడితే, ఆ వెబ్‌సైటే వచ్చింది. అంత మామూలు సంగతికి నలుగురం కేకలు వేశాం.

ఆ అమ్మాయి నందిగామ కాలేజీని మొదట పెట్టి, మిగతావి దాని వెనక పెట్టింది. గడువు ఇంకా ఉండగానే ఆప్షన్లు నమోదయ్యాయని తల్లి ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆమె ఆ ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది.

"చూడు తల్లీ, ఇది నిజందేనా? ఇది కూడా ఎవడన్నా..."

"నిజందే పిన్నీ. ఇది నమ్మొచ్చు."

"అయితే సీటొచ్చిద్దంటావా?"

"వచ్చిద్ది పిన్నీ" అన్నాను.

వచ్చింది కూడా, నందిగామలోనే. ఇప్పుడు నేను కంప్యూటరు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. ఎవరైనా ఏదైనా మెసేజ్ చూపించి నమ్మొచ్చా అని అడిగితే, అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "అంత ఖచ్చితంగా చెప్పలేమండీ" అంటాను. అది తెలివే, కాదనను. కానీ ఏ కాలేజీలో ఎన్ని సీట్లున్నాయో కూడా తెలియకుండా, ఒక తల్లి కళ్ళలోకి చూసి వచ్చిద్దని చెప్పేసిన ఆ నెట్ సెంటర్ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ పిల్లను చూస్తే నాకు కాస్త అసూయ కూడా.