అత్త అంటించేసిన పుటలు

పోయిన ఆదివారం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఫ్లాటులో మనవరాలు తన ఎలక్ట్రిక్ పియానో మీద నాక్టర్న్ ఒకటి మొదలుపెట్టగానే, నాకు తెలిసిన రచనే కదా అని కాఫీ గ్లాసు పట్టుకుని ధీమాగా సోఫాలో చేరబడ్డాను. రెండు పుటలు నేను ఎదురుచూసినట్టే మెత్తగా నడిచాయి. మూడో పుట తిప్పిందో లేదో, పిల్ల చేతులు రెండూ పియానో మెట్ల మీద విరుచుకుపడ్డాయి. ఉలిక్కిపడి కాఫీ చీర మీద ఒలకబోసుకున్నాను. తప్పు వాయిస్తున్నావని కేకలేశాను కూడా. అది నవ్వి పుస్తకం చూపించింది. నిజమే, అచ్చులో ఉంది.

చిన్నప్పుడు నాకు ఆ నాక్టర్న్ నేర్పింది మడివాళలో ఉండిన మా మేనత్త. పెళ్ళికి ముందు చర్చిలో వాయించేదట. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత పియానో ఒక్కటే ఆ ఇంట్లో ఆమెది అనదగ్గ వస్తువు. మామ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి పగలంతా పడుకునేవాడు, ఆయన నిద్ర చెడితే ఇల్లు దద్దరిల్లేది. అందుకే నాట్యపు నడకలో సాగే వాల్ట్జ్ అయినా, పొట్టి రచన ప్రెల్యూడ్ అయినా, వేళ్ళ సాధన కోసం రాసిన ఎట్యూడ్ అయినా మాకు అన్నీ గుసగుసలే. నాక్టర్న్ అంటే రాత్రిని తలపించే రచన, మొదటి నుంచి చివరిదాకా మెత్తగానే ఉంటుందని అత్త చెబితే నమ్మాను. ఆ పుస్తకంలో నడిమి పుటలు మైదాజిగురుతో అంటించి ఉండేవి. చిరిగాయి కాబోలు అనుకున్నాను.

మామ ఊళ్ళో లేని ఒక సాయంత్రం పాఠానికి పెందలాడే వెళ్ళాను. పియానో వీధిలోకి వినబడేట్టు ఉరుముతోంది. నన్ను చూడగానే అత్త చేతులు ఒళ్ళోకి లాక్కుని, "పియానో చెడిపోయుండాదప్పా, సరిచేస్తా ఉండా" అంది. ముఖమంతా చెమట, కళ్ళలో వెలుగు. అత్తను అంత అందంగా నేను అంతకుముందు చూడలేదు. ఆ వారమే భోజనాల దగ్గర మామతో పెద్ద ఆరిందాలా చెప్పాను, పియానో పాడైందని. పనికిరాని పెట్టెకు చోటు దండగని ఆయన నాలుగు రోజుల్లో దాన్ని బండెక్కించి పంపేశాడు. బాగానే ఉందని అత్త ఒక్కమాట అనలేదు. అలా అంటే ఆ మోత తనదేనని ఒప్పుకోవాలి.

అంటించిన పుటల్లో దాగిన ఆ ఉరుమే మొన్న మనవరాలి వేళ్ళ కింద మళ్ళీ విన్నాను. అత్త పోయి ఎన్నేళ్ళో అయింది. ఇప్పుడైతే చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఎంత ఉరిమినా పక్క గదికి వినబడదు. ఆ ఒక్కటి ఉండి ఉంటే అత్తకు పియానో మిగిలేదేమో. అయినా మూడో పుట మళ్ళీ మొదలుపెడుతూ మనవరాలు హెడ్‌ఫోన్ అందుకోబోతే, వద్దన్నాను.