చూపు తిప్పుకునేదాకా

మా దీవిలోని మిన్నీ బే పేటలో, మా పక్కింట్లో ఉండే దీదీ ఎన్నో సినిమాలకు ఎడిటర్‌గా పనిచేసి, అవార్డులు అందుకుని, పుట్టిన ఊరికి తిరిగొచ్చేసిన మనిషి. మాతో కూర్చుని టీవీ చూస్తున్నప్పుడు తెరమీద మనిషి చూపు తిప్పుకోకముందే సీను మారిపోతే, "అరే, ఆమె ఇంకా చూస్తోంది కదా!" అని నొచ్చుకునేది.

అమ్మ పోయాక నాన్న ఆమె ఫొటో వైపు కూడా చూడడం మానేశారు. సంవత్సరీకానికి ఒక వీడియో చేసిపెట్టమని దీదీని అడిగాను. నాన్న ఎప్పుడెప్పుడో ఫోన్లో తీసినవన్నీ ఇచ్చి, "అమ్మ కసురుకునే ముక్కలు తీసేయండి దీదీ, వెనకాల మంచి పాట పెడదాం" అన్నాను.

ఆవిడ అన్నీ ఓపిగ్గా చూసింది. "పాట వద్దు బేటా. మీ అమ్మ కసురుతుందే గానీ, ఫోన్ పట్టుకున్న మనిషి మీంచి కళ్లు తియ్యదు. అది నేనెలా కొయ్యను, బోలో?" అంది.

సంవత్సరీకం నాడు బంధువులంతా వెళ్లాక నాన్నను బతిమాలి టీవీ ముందు కూర్చోబెట్టాం. తెరమీద అమ్మ పెరట్లో చేపలు కడుగుతోంది. తలెత్తి, "తీసింది చాల్లెండి, ఆ ఫోనక్కడెట్టి కాసిన్ని నీళ్లు పొయ్యండి" అంది. ఆ తర్వాత మాటల్లేవు. కొంచెం నవ్వుతూ చాలాసేపు అలా చూస్తూనే ఉంది.

నాన్న కుర్చీలోంచి సగం లేచారు. "వస్తన్నానుండవే" అన్నారు.

నేను కంగారుగా ఆయన దగ్గరికి వెళ్లబోయాను. దీదీ నా చెయ్యి పట్టుకుని ఆపి, అమ్మ ఇంకా చూస్తూనే ఉన్న తెరవైపు చూపించింది.