నేను చెప్పిన మాట వెంట, నాగాయలంక దాకా

గుడివాడ బస్టాండులో ఆదివారం పొద్దున్న ఐదూ నలభైకి పామర్రు బస్సెక్కాను. దివిసీమ వెళ్ళదలుచుకున్నవాళ్ళు ఈ బస్సే పట్టుకోండి, తర్వాతది నిండిపోయి వస్తుంది. నేను మాత్రం ఊళ్ళు చూడ్డానికి బయల్దేరలేదు, తప్పు ఒప్పుకోడానికి బయల్దేరాను.

పదిహేనేళ్ళు దూరపు పరుగులే నా బతుకు. పందేలు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, పేపర్లో ఫొటోలు. మొన్నీమధ్య పాదంలో ఎముక చిట్లితే డాక్టరమ్మ పరీక్షలు చేయించి, "ముసలావిడ ఎముకల్లా ఉన్నాయమ్మా! నెలసరి ఎప్పుడన్నా ఆగిపోయిందా, ఎన్నాళ్ళు?" అంది. హాస్టల్లో ఉన్న రోజుల్లో నాలుగేళ్ళన్నాను. "చాలినంత తినకుండా అంతంత పరుగులు తీస్తే ఆగిపోతుంది, ఎముకలు గుల్లవుతాయి. ఎవరికీ చెప్పలేదా?"

ఎందుకు చెప్పలేదూ! హాస్టల్లో నా గదిలో ఉండే దుర్గకి చెప్పాను. "ఆగిపోతే మంచిదేనే, ట్రైనింగ్ ఒంటికి పట్టినట్టు" అన్నాను. దానికప్పుడు పదహారేళ్ళు. తలుచుకుంటే సిగ్గుతో చెవులు కాలిపోతాయి.

పామర్రులో రెండిడ్లీ తిని చల్లపల్లి బస్సెక్కాను. పక్క సీటు పెద్దాయన పరీక్షగా చూసి, "మీరు పేపర్లో పడ్డ పరుగుల మేడం కదండీ? మా మనవరాలికి చెప్తాను, ఆరోగ్యానికి ఏం చెయ్యమంటారు?" అన్నాడు. "బాగా తినమనండి" అని కిటికీ వైపు తిరిగిపోయాను. ఘంటసాల దాటేదాకా ఇటు తిరగలేదు.

చల్లపల్లిలో, అవనిగడ్డలో బస్సులు మారి, ఎనిమిదీ నలభైకి నాగాయలంక చేరాను. దుర్గ ఇప్పుడక్కడ హైస్కూలు గ్రౌండులో పదకొండు మంది ఆడపిల్లలకి పరుగు నేర్పుతోంది. నన్ను చూడగానే, "ఇదిగోనర్రా, మా రత్నక్క! నేను మీకు చెప్పేవన్నీ ఈవిడ నేర్పినవే" అని మురిసిపోయింది.

అందులో ఓ బక్కపిల్ల ముందుకొచ్చి, "నాకు మూడు నెలల్నించీ డేట్ రావట్లేదు మేడం. దుర్గక్క గట్టిపడ్డావంది" అంది, గొప్పగా.

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుణ్ణనిపించింది. ఒక్కదానికి చెప్పుకుందామని వస్తే, నా మాట నాకంటే ముందే ఊరు చేరి కూర్చుంది.

దుర్గని పక్కకి తీసుకెళ్ళి డాక్టరమ్మ మాటలన్నీ చెప్పాను. అది తన కాలి వంక చూసుకుంది. "నా కాలు రెండుసార్లు విరిగింది కదక్కా. చేతగానిదాన్నని నన్ను నేనే తిట్టుకుని ఆట మానేశాను. అప్పుడు నీకు నిజంగా తెలీదా?"

తెలీదనేద్దామనుకున్నాను. నోరు రాలేదు. "అనుమానం ఉండేదే. భయమేసేది. నీకూ ఆగిపోయిందన్నాక, నేనొక్కదాన్నే కాదు కదా అని ధైర్యమొచ్చింది."

"అయితే నువ్వే చెప్పు వాళ్ళకి."

చెప్పాను. తలెత్తి ఒక్క పిల్ల మొహమూ చూడలేకపోయాను. ఆ బక్కపిల్లే అడిగింది, "అయితే పరుగు మానెయ్యాలా అండీ?"

"వద్దమ్మా. కడుపునిండా తిని పరిగెత్తండి. డేట్ ఆగితే అమ్మకి చెప్పి డాక్టరు దగ్గరికెళ్ళండి. మంచిదని ఎవరన్నా నమ్మొద్దు, నేనన్నా సరే."

మధ్యాహ్నం దుర్గ ఇంట్లోనే భోజనం. చేపల పులుసు మారు వడ్డించింది గానీ మొహం చూడలేదు. బస్సు దగ్గర మాత్రం, "వచ్చి చెప్పావు, మంచిదేలే అక్కా. కొన్నాళ్ళు నాకు ఫోన్ చెయ్యకు" అంది. సరేనన్నాను. ఇంకేం అంటాను?

అవనిగడ్డలో బందరు బస్సు సిద్ధంగా ఉంటే ఎక్కేశాను. బందరు స్టేషన్లో గుడివాడకి సాయంత్రం పాసింజరు దొరికింది. దివిసీమకి దారి తేలికే, మూడు గంటలు చాలు. నేనే బయల్దేరడానికి ఇన్నేళ్ళు చేశాను. రైలు కదిలాక ఇంకొకళ్ళు గుర్తొచ్చారు. దుర్గ ఒక్కతే కాదు, హాస్టల్లో సరళకీ ఇదే మాట చెప్పాను. ఫోన్ చేశాను.

"రైలు మోతక్కా, వినపట్టం లేదు, గట్టిగా చెప్పు!"

ఎదురు సీట్లో నలుగురు మగాళ్ళు. లేచి నిలబడి అరిచాను. "నెలసరి ఆగిపోతే మంచిదని చెప్పానే, అది తప్పే సరళా!"

పెట్టెలో మాటలన్నీ ఆగిపోయాయి.

"అయ్యో అక్కా, మా చెల్లికి నేనూ అదే చెప్పానే" అంది సరళ.

చెల్లెలి నంబరు చెప్పమన్నాను.