ర్యాముకి గ్రీజు

కుడిచెయ్యి స్క్రూడ్రైవరు మీదా, ఎడమచెయ్యి గుండె మీదా పెట్టుకుని ఒట్టేస్తున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఇక్కడే నవ్వేస్తారని తెలుసు. నవ్వనీండి.

రెండువేలు దాటిన కొత్తలో మా అక్కకి మొట్టమొదటిసారి సొంతంగా ఒక పని దొరికింది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ చదివి, పెళ్ళి చేసుకుని, పదేళ్ళపాటు వంటింట్లో ఉండిపోయిన మనిషి. పెందుర్తి వైపు ఇనప పని చేసే షెడ్డు వాళ్ళు నీళ్ళ ట్యాంకు స్టాండుకి డ్రాయింగులు గీసిమ్మన్నారు. సోమవారం పొద్దున్నకి అందాలి. నచ్చితే ఇకమీదట పనంతా ఆవిడకే. ఆలస్యమైతే వేరేవాళ్ళకి. ఆ మాట విన్నప్పట్నించీ అక్క నడకే మారిపోయింది.

ఆవిడ గీసేది నేను తయారుచేసిన వర్క్‌స్టేషన్ మీద. అప్పట్లో నాకు పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టుండేది. ఏదో ఆఫీసు వాళ్ళు కొత్తవి కొనుక్కుని పాతవి తూకానికి వదిలించుకుంటే, మూడింటిని విప్పి ఒకటిగా కలిపాను. బరువులో చిన్న బీరువా. మోతలో పిండిమర.

శుక్రవారం మధ్యాహ్నం అది మూడుసార్లు కుయ్యిమని, తెర నల్లగా చేసుకుని కూర్చుంది. మూడు కూతలంటే మెమరీ పోయినట్టు. రెండు ర్యాము కార్డుల్లో ఒకటి చచ్చింది. ఒంటికార్డుతో నడిచే రకం కాదది. జతే కావాలి, అదీ రెండూ ఒకే రకం. కొత్తవా, ఆపాటికే రావడం మానేశాయి. పాత ఇనుము షెడ్డులో వెతుక్కోవలసిందే.

ఇక్కడ మా బావ ప్రవేశించాడు. అక్క మొగుడు. నేనాయన్ని బావా అంటే, ఆయనా నన్ను బావా అనే పిలుస్తాడు. ఉక్కు మిల్లులో ఫిట్టరు. పుట్టిందీ పెరిగిందీ పద్మనాభం వైపు రైతుల ఇంట్లో.

"జతంటే ఏటి బావా? ఎడ్ల జతలాగానా?"

"అలాంటిదే అనుకో."

అలా అనడమే నా తప్పు.

"అయితే నాను సూత్తాను పద. ఎడ్లని సూసిన కన్నిది."

శనివారం పొద్దున్నే కంచరపాలెం దగ్గర ఒక పాత ఇనుము షెడ్డుకి వెళ్ళాం. నేను పాత కంప్యూటరు పెట్టెలు విప్పుతుంటే బావ నేల మీద బాసింపట్టు వేసుకుని, దొరికిన ర్యాము కార్డులన్నీ వరసగా పేర్చాడు.

"ఇవి సూడు బావా. ఒకే పొడుగు, ఒకే పచ్చ. సుళ్ళు కూడా కలిసిపోనాయి!"

"అవి సుళ్ళు కావు బావా, చిప్పులు. ఒకటి ఒక తరందీ, ఇంకోటి ఇంకో తరందీ. పక్కపక్కన పెడితే పలకవు."

"మొదట్లో ఏ జతైనా అంతే. కాడికి కడితే అయ్యే అలవాటు పడతాయి."

షెడ్డు నడిపేది ఒకావిడ. సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. అంతకుముందు పదిహేనేళ్ళు రేవులో చేపలమ్మింది. మా ఇద్దరి గొడవా వినలేక లేచొచ్చింది.

"తప్పుకోండి బాబూ. ఎంతసేపు పిసుకుతారు?"

ఒక్కొక్క పెట్టె మూత ఎత్తడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, పక్కకి తోసెయ్యడం. "ఇది మాడిపోనాది. ఇదీ అంతే. ఇది... ఆఁ, ఇది తాజాగుంది, అట్టుకుపో. సేపైనా ఇదైనా వాసనే సెబుతాది."

ఆ తాజా పెట్టెలోనే నాకు కావలసిన జత దొరికింది. నమ్మకపోతే మానెయ్యండి.

అక్క ఇంటికొచ్చి, ఉప్పుగాలికి మసకబారిన కార్డుల అంచుల్ని పెన్సిలు రబ్బరుతో మెరిసేదాకా తోమి, న్యూస్ పేపరు మీద పెట్టాను. టీ తాగుదామని వీధి చివరికెళ్ళాను. అంతే, ఒక్క టీ. తిరిగొచ్చేసరికి బావ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"పెట్టీసేను బావా. తుప్పట్టకుండా గ్రీజు కూడా రాసీసేను."

మూత తీసి చూస్తే, కార్డులకీ, అవి దిగే గాడులకీ మిల్లులోంచి తెచ్చిన నల్ల గ్రీజు నిండా దట్టించి ఉంది.

"ఏం చేశావు బావా!"

"ఇరవయ్యేళ్ళ సర్వీసు నాది. నాను గ్రీజెట్టిన బేరింగు ఒక్కటి ఆగలేదు."

"ఇది బేరింగు కాదు బావా! తిరగదు!"

"తిరగకపోతే ఇంకా తొందరగా తుప్పడతాది గదా?"

నేను స్పిరిటు సీసా కోసం వెతకడం మొదలుపెట్టాను.

అక్క గుమ్మంలో నిలబడి అంతా వింది. "నాకు సోమవారం దాకానే టైముంది. అది బాగుపడతాదా లేదా, ఒక్క మాట సెప్పండి."

"పడుతుంది" అన్నాను. "పడతాది" అన్నాడు బావ.

ఇద్దరం స్పిరిటు సీసా, పాత టూత్‌బ్రష్షులు పట్టుకుని దాని మీద పడ్డాం. గాడుల్లో గ్రీజు ఎంత తీస్తే అంత ఊరుతోంది. నేను తోముతుంటే బావ పక్కన విసనకర్రతో ఆరబెడుతూ, గ్రీజు మంచిదేనని, తోమడమే సరిగ్గా లేదని సలహాలు. ఆదివారం మధ్యాహ్నానికి ఒకే ఒక్క కూత వినబడింది. ఒక్క కూతంటే బతికినట్టు. అక్క కూర్చుని చకచకా గీసేసింది. సోమవారం డ్రాయింగులు అందాయి. పని ఆవిడదయింది.

ఇప్పుడు చెప్పేస్తాను, ఒకచోట కల్పించాను. అందరూ గ్రీజు దగ్గర అనుమానపడతారు. గ్రీజు నిజం. సుళ్ళు నిజం. షెడ్డులో ఆవిడ ముక్కు కూడా నిజమే. అబద్ధం ఆదివారం మధ్యాహ్నం. ఆ కూత మాకు వినబడింది మంగళవారం.

ఆదివారం పొద్దున్న అక్క మా ఇద్దరి వాలకం చూసింది. పక్క గదిలో ప్లైవుడ్ ముక్కకి కాగితం బిగించి, పెన్సిలూ స్కేలూ పెట్టుకుని, ట్యాంకు స్టాండు డ్రాయింగులు రెండూ చేత్తోనే గీసింది. సోమవారం బస్సెక్కి ఇచ్చొచ్చింది. ఆవిడ ఇంట్లో లేదన్న సంగతి కూడా మాకు తెలీదు. వంటింట్లో ఉందనుకున్నాం. "కంప్యూటర్లో గీసినవాటికన్నా ఇవే నయం తల్లీ, గీతలు లావుగా కనబడతన్నాయి" అన్నాడట పెందుర్తి షెడ్డు ఓనరు. నా కొట్టు పరువు కోసం ఇన్నాళ్ళూ ఈ ముక్క దాచాను.

మంగళవారం అది కూసేసరికి బావ ఎగిరి గంతేశాడు. "ఇదిగో, రా! బతికీసింది!"

అక్క వచ్చింది. చంకలో ఆ షెడ్డువాళ్ళు ఇచ్చిన రెండో పని తాలూకు కాగితాలు.

"బరువుగానే ఉంటాది కదా ఇది?" అంది.

"నలుగురు మోసే బరువు" అన్నాను గొప్పగా.

"అయితే ఈ కాగితాల మీదకి జరపండి. బల్ల మీదెడితే ఫేను గాలికి ఎగిరిపోతన్నాయి."