పై ఫ్లాటు నీళ్లు, మా మిత్రుడి నెత్తళ్లు

పదకొండు నెలలుగా రాస్తున్నాను, ఒక్కరూ బదులివ్వలేదు. మా అపార్ట్‌మెంట్ యాప్‌లో రాశాను. వాట్సాప్ గ్రూపులో రాశాను. కాగితం మీద రాసి, సంతకం పెట్టి, సెక్రటరీగారి తలుపు సందులోంచి లోపలికి తోశాను. గ్రూపులో నా ఫిర్యాదు కిందనే ఎవరో ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పారు. దాని కింద మాత్రం వరసపెట్టి అందరూ పూలగుత్తులు పెట్టారు. అందుకే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

మాది కాకినాడ. ఉద్యోగం కోసం వచ్చి, చందానగర్‌లో ఈ మూడో అంతస్తు ఫ్లాటు కొనుక్కుని తొమ్మిదేళ్లయింది. ఇప్పటికీ ఇక్కడ నేను ‘ఆంధ్రా సారు’నే. అననీ. హైటెక్ సిటీలో నేను చేసే పని కస్టమర్లు పంపే ఫిర్యాదులు చూడడం. ఫిర్యాదు చేసిన మనిషి తన నోటితో ‘బాగయింది’ అనేదాకా దాన్ని మూసే అధికారం మాకు లేదు. మా అపార్ట్‌మెంట్ పద్ధతి వేరు. సూపర్‌వైజర్ వచ్చి ఒక ఫొటో తీసి యాప్‌లో పెడితే చాలు, ఆకుపచ్చ టిక్కు పడుతుంది, ఫిర్యాదు మూసుకుపోతుంది.

పై ఫ్లాటాయన తన వాష్ ఏరియాను బాత్రూమ్‌గా మార్పించుకున్నాడు. అది సరిగ్గా మా భోజనాల బల్ల మీదికి వచ్చింది. మొదట మా సీలింగుకి అరచేయంత చెమ్మ. తర్వాత టీ రంగు మరక. తర్వాత పెయింటు పొక్కి, పుండు మీద చర్మంలా వేలాడింది. దాని అంచున నల్లటి బూజు, ఆ బూజుకి నూగు. సబ్బు, ఉచ్చ, నానిన సిమెంటు కలిసిన వాసన. నేను చేపల రేవు పక్కన పెరిగినవాణ్ని. ఎండకు కుళ్లిన రొయ్యపొట్టు వాసన ఎరుగుదును. ఇది దానికంటే నీచం. ఇంకొకరి ఒళ్లు కడిగిన నీళ్లు ఇవి.

సూపర్‌వైజర్ మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ ఆ మరక మీద పుట్టీ పెట్టి, తెల్ల రంగు పూసి, ఫొటో తీసుకున్నాడు.

“లీకు పైన ఉందయ్యా, కింద రంగేస్తే ఏం లాభం?” అన్నాను.

“పైన సారు తలుపు తీస్తలేడు సార్. ఎప్పుడు వోయినా కాల్‌ల ఉన్న అంటడు. నేనేం జెయ్యాలె? ఇగో, ఫొటో అయితే మస్తుగొచ్చింది.”

ఆ మాట అబద్ధం కాదు. లిఫ్టులో నేను అడిగినప్పుడల్లా ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. ఒక వేలు పైకెత్తి ఆగమంటాడు. తన అంతస్తు రాగానే దిగిపోతాడు.

మొన్న ఒక శనివారం కాకినాడ నుంచి నా చిన్ననాటి మిత్రుడు, భార్యతో కలిసి కారులో వచ్చాడు. మా ఇంట్లో మూడు రోజులుండి, తర్వాత బాచుపల్లిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లాలని వాళ్ల ఏర్పాటు. మాకోసం ఒక బుట్టనిండా ఎండుచేపలు, మా ఊరి నెత్తళ్లు తెచ్చారు. ఎండ తగ్గాక పైకి తెద్దామని బుట్టను డిక్కీలోనే వదిలాం. లిఫ్టులో పై ఫ్లాటాయన ఎదురయ్యాడు.

“మా ఊరి నెత్తళ్లు తెచ్చామండీ, కాస్త పంపించమంటారా?” అని మావాడు మర్యాదకు అడిగాడు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

మధ్యాహ్నం ముద్దపప్పు, గుత్తివంకాయ వడ్డించాం. మావాడు పప్పులో నెయ్యి వేసుకుని కలుపుతుంటే పైనుంచి ఒక చుక్క వచ్చి ఆ ముద్దలో పడింది. గోధుమరంగు చుక్క. అందరం చూశాం. ఇంకోటి పడింది.

“ఏరా, సముద్రం పక్కన పుట్టి పెరిగాం గానీ, మా ఇంట్లో కూడా ఇంత చెమ్మ లేదురా!” అని నవ్వాడు.

నా భార్య కంచం మార్చింది. బల్లను గోడ పక్కకి జరిపాం. కానీ అతను మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టలేదు. కడుపు నిండిందన్నాడు.

చేతులు కడుక్కుంటుండగానే బెల్ మోగింది. సూపర్‌వైజర్.

“సార్, పైన సారు కంప్లయింట్ వెట్టిండు. మీ ఇంట్లకెల్లి ఎండుచేపల వాసనొస్తుందట. జర అవి బయట పెట్టుర్రి.”

“ఎప్పుడు పెట్టాడు?”

“గిప్పుడే సార్. ఇరవై నిమిషాలైతుంది.”

ఇరవై నిమిషాలు! నా పదకొండు నెలల్లో మూడంటే మూడుసార్లు వచ్చిన మనిషి, ఆయన కోసం ఇరవై నిమిషాల్లో వచ్చి నిలబడ్డాడు.

“చేపలు ఇంట్లో లేవు బాబూ, కారులో ఉన్నాయి,” అన్నాడు మావాడు.

“మరి గీ వాసనేంది?” అంటూ సూపర్‌వైజర్ లోపలికొచ్చాడు. వంటింటి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, సీలింగు మరక కింద ఆగాడు. పైకి చూశాడు. ముక్కు మూసుకున్నాడు.

“ఇది వేరే టికెట్ సార్,” అన్నాడు.

పై ఫ్లాటాయన కంప్లయింట్ మూయాలంటే చేపల ఫొటో కావాలట. మావాడిని కిందికి తీసుకెళ్లి, డిక్కీ తెరిపించి, బుట్ట పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. అది యాప్‌లోకే కాదు, గ్రూపులోకి కూడా వచ్చింది. కింద ‘ఎండుచేపలు తొలగించబడినవి, సహకారానికి ధన్యవాదాలు’ అని రాసి ఉంది. చిన్నప్పట్నుంచీ నాకు తెలిసిన మనిషి, పోర్టులో హుందాగా ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఆ ఫొటోలో దొరికిన దొంగలా నిలబడి ఉన్నాడు. దాని కింద ముగ్గురు బొటనవేళ్లు పెట్టారు. ఆ ముగ్గురి ఫ్లాటు నంబర్లూ నాకు గుర్తున్నాయి.

“మేం తేకుండా ఉండాల్సిందండీ, అన్నయ్యగారూ,” అంది మావాడి భార్య, తప్పు తమదైనట్టు. ఆ సాయంత్రమే బాచుపల్లి వెళ్లిపోయారు. నేను ఆపలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని ఆపను? ఏ బల్ల మీద అన్నం పెడతాను?

సెక్రటరీగారిని కలిశాను. “అది మీరూ ఆయనా మాట్లాడుకోవాల్సిన విషయమండీ,” అన్నాడు. చేపల సంగతి మాత్రం నేనూ ఆయనా మాట్లాడుకోవాల్సింది కాకపోయింది.

నిన్న మావాడు ఫోన్ చేశాడు. వచ్చే నెల మళ్లీ వస్తున్నారట. మా ఇంట్లోనే దిగమన్నాను. “నువ్వే బాచుపల్లి వచ్చెయ్‌రా, అక్కడ కలుద్దాం,” అన్నాడు. మా ఇంటికి రానని అతను అనలేదు. అననక్కర్లేదు కూడా.

కాబట్టి పై ఫ్లాటాయన్నీ, సెక్రటరీగారినీ అడుగుతున్నాను. ఆ బాత్రూమ్ నేల ఏ రోజు తవ్విస్తారు? గ్రూపులోంచి ఆ ఫొటో తీసేసి, వాసన నా మిత్రుడి చేపలది కాదు, పై ఫ్లాటు బాత్రూమ్‌దని అదే గ్రూపులో ఏ రోజు రాస్తారు? వేలెత్తితే కుదరదు, టిక్కు పెడితే కుదరదు. తేదీ చెప్పండి.